బెజవాడ ఎండలో బతుకుతూ డి విటమిన్ లోపం ఏమిటి?

పటమట పద్మజ
మే 9, ఉదయం 8:15

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి, మెట్లెక్కితే తొడలు పట్టేస్తున్నాయని కొంతకాలంగా బాధపడుతోంది. డాక్టరు గారు రక్తపరీక్ష రాస్తే డి విటమిన్ 11 అని వచ్చింది. కనీసం 20 ఉండాలట. ఇక్కడే నాకు అర్థం కావడం లేదు. వేసవి వస్తే మన ఊరు కొలిమి. మధ్యాహ్నం బందరు రోడ్డు మీద నిలబడితే తల తిరుగుతుంది. ఇలాంటి ఊళ్ళో ఎండ వల్ల తయారయ్యే విటమిన్ తక్కువ కావడం ఏమిటి?

అమ్మ రోజూ ఉదయం ఆరు గంటలకు డాబా మీద తులసికోట దగ్గర కూర్చుంటుంది. అది చాలదా? బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరు ఉదయపు ఎండే మంచిదంటారు, ఇంకొకరు మధ్యాహ్నం కూర్చోబెట్టమంటారు. మే నెలలో మధ్యాహ్నం పెద్దావిడను డాబా ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది కదా. తెలిసినవారు వివరంగా చెప్పండి.


కొత్తపేట కుర్రాడు
మే 9, ఉదయం 8:40

అక్కా, ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఉండే నీరెండే అసలైన ఎండ. మా నాయనమ్మ జీవితమంతా అలాగే కూర్చుంది, ఒక్క రోజు మంచం పట్టలేదు. పది దాటాక వచ్చే ఎండ చర్మానికి చెరుపు తప్ప మేలు చేయదు. ఉదయించే సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూస్తే కళ్ళకు బలం వస్తుందని కూడా విన్నాను. నేను ఈ మధ్యనే మొదలుపెట్టాను.


గుంటూరు ఫిజిక్స్ మాస్టారు
మే 9, ఉదయం 10:05

పద్మజ గారూ, ఎండలో వేడి వేరు, డి విటమిన్‌ను పుట్టించే కిరణం వేరు. రెండూ ఒకే గంటలో, ఒకే మోతాదులో రావు. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం చాలా కొద్ది. అందులోనూ 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే బి రకం కిరణాలే చర్మంలో డి విటమిన్‌ను తయారుచేయిస్తాయి. వీటిలో ఎక్కువ భాగాన్ని ఓజోన్ పొర పైనే పీల్చేస్తుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే కిరణాలు ఆ పొరను నిట్టనిలువుగా దాటి వస్తాయి. తూర్పున అప్పుడే పైకి వస్తున్నప్పుడు ఏటవాలుగా ఎన్నో రెట్లు ఎక్కువ దూరం ఆ పొరలోనే ప్రయాణించాలి. అందుకే ఉదయం ఆరింటికి మీ అమ్మగారి మీద పడే వెలుగులో బి రకం దాదాపు ఉండదు. ఆవిడ కూర్చోవడం వృథా అనను. ఆ వెలుగుకు వేరే పని ఉంది, దాని గురించి తర్వాత రాస్తాను.

ఏ పరికరమూ లేకుండా తెలుసుకునే మార్గం ఒకటుంది. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే బి రకం కిరణాలు తగినంత పడుతున్నట్టు. అంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉండాలి. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. దాన్నిబట్టి లెక్క వేశాను. ఇప్పుడు, మే మొదట్లో, ఉదయం సుమారు తొమ్మిదికే సూర్యుడు ఆ ఎత్తుకు చేరతాడు, మధ్యాహ్నం మూడు దాటేవరకు దిగడు. డిసెంబరు చివర్లో మాత్రం ఉదయం 10:45 నుంచి మధ్యాహ్నం 1:30 దాకానే ఆ ఎత్తున ఉంటాడు. అయినా చూడండి, సంవత్సరంలో అతి పొట్టి పగటి రోజున కూడా మనకు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. లండన్‌లో డిసెంబరు మధ్యాహ్నం అతను 17 డిగ్రీలు కూడా దాటడు. వాళ్ళకు చలికాలమంతా చర్మంలో ఈ విటమిన్ తయారయ్యే అవకాశమే లేదు. మనకు 365 రోజులూ ఉంది.

ఇక వేడి సంగతి. నేల ముందు వేడెక్కి, ఆ వేడిని గాలికి ఇస్తుంది. అందుకే గరిష్ఠ ఉష్ణోగ్రత పన్నెండుకు కాక మూడింటి ప్రాంతంలో నమోదవుతుంది. మే నెలలో తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య కిరణం వచ్చేసింది, వేడి ఇంకా పూర్తిగా పుంజుకోలేదు. మీరు వెతుకుతున్న సమయం అదే.


గవర్నరుపేట డాక్టరు
మే 9, మధ్యాహ్నం 1:30

మాస్టారు చెప్పిన భౌతికశాస్త్రం సరైనదే. కానీ పద్మజ గారి అమ్మగారికి నా సలహా వేరు. 11 అంటే లోపం స్పష్టంగా ఉంది, నొప్పులూ ఉన్నాయి. దాన్ని మే నెల ఎండతో పూడ్చాలని చూడకండి. ఇప్పుడు మీ డాక్టరు రాసిన మందు వాడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆవిడను పదకొండు ప్రాంతంలో ఎండలో కూర్చోబెట్టండి.

లోపం ఎందుకు వస్తుందో కూడా చెబుతాను. ఎండ ఊరి మీద పడితే చాలదు, చర్మం మీద పడాలి. చర్మంలో కొలెస్ట్రాల్‌కు ముందు రూపమైన ఒక పదార్థం ఉంటుంది. బి రకం కిరణం తగిలితే అది డి విటమిన్‌గా మారుతుంది. తర్వాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఒకసారి రూపం మార్చుకుని ఎముకలకు పనికొస్తుంది. వయసు పెరిగేకొద్దీ చర్మంలో ఆ మొదటి పదార్థమే తగ్గుతుంది. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్ల చర్మం వారి కంటే మనకు ఎక్కువ సేపు ఎండ కావాలి. చీర, పూర్తి చేతుల రవిక, పైన గొడుగు, ఇంట్లో కర్టెన్లు. ఇన్ని దాటుకుని ఆ కిరణం ఎక్కడ చేరుతుంది?

అద్దం కిటికీ వెనక కూర్చుంటే లాభం లేదు. మామూలు అద్దం బి రకాన్ని ఆపేస్తుంది, చర్మాన్ని నల్లబరిచే ఎ రకాన్ని చాలావరకు వదిలేస్తుంది. అద్దాలు ఎత్తుకుని కారు నడిపినా డ్రైవర్ల కుడి చెయ్యి నల్లబడేది అందుకే.

కొత్తపేట తమ్ముడికి ఒక మాట. సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడటం ఈ రోజే మానెయ్యి. కంటిలోని కటకం ఆ వెలుగునంతా రెటీనా మధ్యలో ఒక చుక్క మీద పోగుచేస్తుంది. అక్కడ నొప్పి తెలిపే నాడులు లేవు. కాలిపోతున్నా తెలియదు. తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది, కొందరికి అది తగ్గనే తగ్గదు.


కొత్తపేట కుర్రాడు
మే 9, మధ్యాహ్నం 2:10

డాక్టరు గారూ, ఉదయించేటప్పుడు కాంతి తక్కువే కదా? కళ్ళు చికిలించాల్సిన అవసరం కూడా రాదు.


వన్‌టౌన్ దృష్టి (కళ్ళద్దాల షాపు)
మే 9, సాయంత్రం 4:45

తమ్ముడూ, మబ్బు, దుమ్ము ఉన్న రోజు నువ్వు తట్టుకోగలవు. ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు కొద్ది నిమిషాల్లోనే వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది, నువ్వు ఆపాల్సిన క్షణం నీకు తెలియదు. పైగా దానివల్ల కంటికి బలం వస్తుందనడానికి ఆధారం లేదు.

నిజంగా కంటికి మేలు చేసే ఎండ వేరే ఉంది. ఈ చర్చలో పిల్లల తల్లిదండ్రులు ఉంటే ఇది వినాలి. ఆరుబయట వెలుతురులో రోజూ గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే సమస్య తక్కువగా వస్తుందని చాలా దేశాల పరిశోధనలు తేల్చాయి. ఆ వెలుతురుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా కాపాడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గదిలో ట్యూబులైటు కింద కొన్ని వందల లక్స్ వెలుతురు ఉంటుంది. బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. సూర్యుణ్ణి చూడక్కర లేదు, ఎండలో నిలబడక్కర లేదు, ఆకాశం కింద ఉంటే చాలు.

మన విజయవాడ, గుంటూరులలో రెసిడెన్షియల్ కాలేజీల పిల్లలు తెల్లవారక ముందు స్టడీ అవర్‌కు కూర్చుంటే రాత్రి పది దాకా నాలుగు గోడల మధ్యే. ఆటస్థలం లేని భవనాలు. మా షాపుకు వచ్చే ఇంటర్ పిల్లల్లో ఏటేటా పవర్ పెరుగుతూనే ఉంటుంది. అద్దాలు అమ్ముకునేవాణ్ణే అయినా చెబుతున్నాను, ఆ పిల్లలకు రోజూ గంటసేపు బయట తిరిగే హక్కు ఉండాలి.

నల్ల కళ్ళజోళ్ళ గురించి కూడా. రోడ్డు పక్క దొరికే నల్లద్దాల్లో కొన్నింటికి అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం ఉండదు. నలుపు వల్ల కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. 400 నానోమీటర్ల వరకు ఆపుతుందని రాసి ఉన్నవే కొనండి. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవారికి శుక్లాలు, కంటి తెల్లగుడ్డు మీద కండ పెరగడం ఎక్కువ.


తెనాలి విశ్రాంత ప్రధానోపాధ్యాయులు
మే 9, రాత్రి 8:20

సూర్యుడి గురించి గుంటూరు జిల్లా వాళ్ళం మాట్లాడుకుంటూ 1868ని తలచుకోకపోతే ఎలా? ఆ సంవత్సరం ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూశాడు. చంద్రుడు సూర్యబింబాన్ని కప్పేయగానే అంచున ఎగసే మంటల వెలుగులో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడు ఉదయం గుంటూరులోనే చూసి నిరూపించాడు. అంతకుముందు ఆ మంటలను చూడాలంటే గ్రహణం దాకా ఆగాల్సిందే. అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాల నుంచి వచ్చిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించాడు.

ఆ వర్ణపటంలోని ఒక పసుపు గీత అందరికీ తెలిసిన సోడియం మూలకం గీతలకు సరిపోలేదు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరులో దాన్ని విడిగా గుర్తించి, భూమి మీద ఎవరికీ తెలియని మూలకమని వాదించాడు. అదే హీలియం. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీసేవరకు చాలామంది నమ్మలేదు. మొత్తం ఘనత గుంటూరుదే అని కొందరు రాస్తుంటారు, అంత దూరం పోనక్కర లేదు. ఆ కథలో మన ఊరికి ఒక గట్టి అధ్యాయం ఉంది, అది చాలు. మా బడి పిల్లలకు ప్రతి సంవత్సరం ఆగస్టులో ఈ పాఠం చెప్పేవాణ్ణి.

ఇంకో మాట. రథసప్తమికి జిల్లేడాకులు, రేగుపళ్ళు తల మీద పెట్టుకుని స్నానం చేసి, ఎండలో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతాం. జనవరి చివరో ఫిబ్రవరో, చలి తగ్గుముఖం పట్టే రోజులు. పెద్దలు విటమిన్ లెక్క వేసి పెట్టారని నేను అనను. కానీ ఆ రోజు మాత్రం ఇంటిల్లిపాదీ ఆరుబయట గడుపుతారు. ఆ అలవాటు మిగిలిన చలికాలమంతా ఎందుకు సాగకూడదు?


కృష్ణలంక రాజ్యం
మే 9, రాత్రి 9:05

మా పక్కింటావిడ 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి పొట్లాలు రోజుకొకటి పాలలో కలిపి తాగుతోంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చారట. ఎంత తాగితే అంత బలమని అంటోంది.


గవర్నరుపేట డాక్టరు
మే 9, రాత్రి 9:20

రాజ్యం గారూ, రేపు ఉదయమే ఆపమని చెప్పండి. ఆ పొట్లం సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలు మాత్రమే ఇస్తాం. డి విటమిన్ నీటిలో కరిగి బయటికి పోయేది కాదు, కొవ్వులో నిలవ ఉంటుంది. అతిగా చేరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతి తప్పడం, చివరికి మూత్రపిండాల దెబ్బ. ఇప్పటికే చాలా రోజులు తాగి ఉంటే కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి.

ఎండ వల్ల మాత్రం ఈ ప్రమాదం రాదు. మోతాదు మించితే అదే వెలుగు మిగతా పదార్థాన్ని పనికిరాని రూపాలుగా విరగ్గొడుతుంది. శరీరం చేసుకున్న ఏర్పాటు అది. అలా అని గంటల తరబడి ఉండమని కాదు. చర్మం కందే ముందే లోపలికి రావాలి.


నిర్వాహకులు
మే 9, రాత్రి 10:00

డి విటమిన్ నూనె అమ్మే ఒక సందేశాన్ని తొలగించాం. దయచేసి ఇక్కడ అమ్మకాలు వద్దు.


ప్రత్తిపాడు రైతు
మే 10, ఉదయం 5:10

రాత్రి అంతా చదివాను. అందరూ మంచి విషయాలు రాశారు. కానీ ఒక సంగతి ఎవరూ రాయలేదు. తొమ్మిదికి ఎండలోకి రండి, పదికి వెళ్ళిపోండి అనడం నీడ ఉన్నవాడికి కుదురుతుంది. మా దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, కళ్ళాలు. ఆ పని అంతా ఎండ మీదే ఆధారపడి ఉంటుంది. పండు కాయ కోసి కళ్ళంలో పరిస్తే గలగలలాడేలా ఎండాలి. తేమ పది పన్నెండు శాతానికి దిగకుండా బస్తా కడితే లోపల బూజు పడుతుంది, దానిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎగుమతి సరుకు ఆ పరీక్షలోనే తిరిగివస్తుంది. ఎండ ఎక్కువ రోజులు తగిలినా కష్టమే, రంగు వెలిసిపోతుంది. రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పాలి, పొద్దున తీయాలి, కాయను తిరగేయాలి. తాలుకాయ ఏరడానికి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్ళంలోనే కూర్చుంటారు. పైన ఎండ, కింద కాయల ఘాటు, ముక్కుకు కట్టుకున్న చీరకొంగు.

వీళ్ళకు డి విటమిన్ లోపం గురించి చెప్పక్కర లేదు. వడదెబ్బ గురించి చెప్పండి. పోయిన వేసవిలో మా పక్క కళ్ళంలో ఒకామె కూలబడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, ఏదేదో మాట్లాడుతోంది. చుట్టూ చేరి నోట్లో నీళ్ళు పోయబోయారు. ఎవరో 108కు ఫోను చేశారు, దేవుడి దయ వల్ల బతికింది. అలాంటప్పుడు మేం ఏం చేయాలి? ఒక్కొక్కటిగా రాయండి, మా వాళ్ళకు చదివి వినిపిస్తాను.


గవర్నరుపేట డాక్టరు
మే 10, ఉదయం 6:30

అన్నా, మీరు అడిగినదే ముందు రాయవలసిన విషయం.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉన్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. లోపల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిందని అర్థం. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు, కూలిపని చేసేవారికి చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. 108కు ఫోను చేయించండి, కానీ బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడవద్దు. ఎంత త్వరగా చల్లబరిస్తే అంత ప్రాణం నిలుస్తుంది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బోరు దగ్గర ఉంటే బోరు నీళ్ళే ఒంటి మీద ధారగా పోయండి. తడి గుడ్డ కప్పి విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క నీరు కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్ర వేయవద్దు. ఇది జ్వరం కాదు, పారాసెటమాల్ దీనిపై పనిచేయదు, కాలేయానికి చెరుపు.

అంతకుముందు దశ వేరే ఉంటుంది. తల తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం, విపరీతమైన నీరసం, కానీ మాట స్పష్టంగా ఉంటుంది. అప్పుడే పని ఆపించి నీడలో పడుకోబెట్టి ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, చెంచా అంచుకు సమంగా. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, తరవాణి కూడా మంచివే. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి అరగంటకు తాగించండి.

బీపీ కోసం మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు కళ్ళంలో ఉంటే వారి మీద ఒక కన్ను వేసి ఉంచండి. మాత్రలు సొంతంగా మానేయవద్దు, డాక్టరును అడగాలి.


పటమట పద్మజ
మే 10, ఉదయం 7:15

రైతు గారూ, డాక్టరు గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ వడదెబ్బ సందేశాన్ని మా అపార్టుమెంటు కాపలా గదిలో అతికిస్తాను.

మాస్టారూ, ఇంకో సందేహం. మా పెద్దమ్మ వాళ్ళది రెంటచింతల. అక్కడ 45 డిగ్రీలు ఉన్నా నీడలో కూర్చుంటే ఊపిరి ఆడుతుందంటుంది. ఇక్కడ 39 ఉన్నా ఉక్కతో చచ్చిపోతాం. ఎందుకలా?


గుంటూరు ఫిజిక్స్ మాస్టారు
మే 10, ఉదయం 11:40

గాలిలో తేమ వల్ల. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట ఏ మేలూ చేయదు. పొడి గాలి ఉన్నచోట చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. సముద్రం నుంచి తేమ వచ్చే మన దగ్గర అది ఒంటి మీదే నిలుస్తుంది. థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి చూస్తే వచ్చే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని లెక్క. నిజానికి అంతకంటే తక్కువలోనే చాలామంది పడిపోతారు. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటాక వడగాడ్పు లెక్క మొదలుపెడితే, తీర ప్రాంతాలకు 37 నుంచే మొదలుపెడుతుంది.

వాయవ్యం నుంచి వేడి పొడి గాలి వీచి, సముద్రపు గాలి ఆలస్యమైన రోజులు మరో రకం ప్రమాదం. 2015 మే చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. విజయవాడకు ఇంకొక చిక్కు, చుట్టూ కొండలు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల రాయి పగలంతా వేడి తాగి రాత్రి వదులుతుంది. డాబా స్లాబులూ అంతే. శరీరం రాత్రి కోలుకోకపోతే మర్నాటి ఎండ రెట్టింపు దెబ్బ కొడుతుంది. స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, పై అంతస్తు గదుల్లో తేడా మీకే తెలుస్తుంది. గాలి 40 దాటాక ఒట్టి ఫ్యాను ఒంటికి వేడి గాలినే కొడుతుంది, ఒళ్ళు తడుపుకుని ఫ్యాను కింద కూర్చోండి.

ఉదయపు ఎండ సంగతి రాస్తానన్నాను కదా. కంటి వెనక కొన్ని కణాలు చూపుకు కాక, మెదడులోని గడియారానికి కబురు పంపడానికి ఉన్నాయి. ఉదయపు వెలుగు వాటిని తాకితే, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను పగలు ఆగుతుంది, రాత్రి వేళకు నిద్ర వస్తుంది. పెద్దవయసులో నిద్ర పట్టనివారికి ఇది పెద్ద ఉపకారం. పద్మజ గారూ, తులసికోట దగ్గర ఆరు గంటల కూర్చోవడాన్ని మీ అమ్మగారితో మానిపించకండి.


కొత్తపేట కుర్రాడు
మే 10, సాయంత్రం 6:25

మా నాయనమ్మ రాత్రి ఎనిమిదికే నిద్రపోయేది, అది ఇందుకేనేమో! సూర్యుణ్ణి చూడటం ఆపేశాను డాక్టరు గారూ. ఒక ప్రశ్న. సూర్యుడిలో తుఫానులు పెరిగాయని, అందుకే ఎండలు మండుతున్నాయని, తలనొప్పులు కూడా వాటివల్లేనని వీడియోలు వస్తున్నాయి. నిజమేనా?


గుంటూరు ఫిజిక్స్ మాస్టారు
మే 10, రాత్రి 7:50

సౌర తుఫానులు నిజం, మన వేసవితో వాటికి ముడిపెట్టడం తప్పు. సూర్యుడి అలజడి సుమారు పదకొండేళ్ళకొకసారి పెరిగి తగ్గుతుంది. ఆ చక్రంలో మనకందే మొత్తం శక్తిలో తేడా 0.1 శాతం ప్రాంతంలోనే ఉంటుంది. వాతావరణం పైన చదరపు మీటరుకు దాదాపు 1361 వాట్లు అందుతుంటే, ఒక వాటు అటూ ఇటూ అంతే. దశాబ్దాలుగా పెరుగుతున్న వేడికి కారణం గాలిలో చేరుతున్న కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు.

దూరం మాట కూడా ఎవరో అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అతి దూరంగా ఉండేది జూలైలో. వేసవి వచ్చేది భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల. మే 6 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా విజయవాడ నెత్తి మీదికి వచ్చాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ వస్తాడు. కానీ అప్పటికి మబ్బులు, తడి నేల. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటాం, ఆ రోజుల్లో సూర్యుడు ఎత్తునే ఉంటాడు, వానలు ఇంకా అందుకోవు.

తుఫానుల దెబ్బ ఉపగ్రహాలకు, రేడియోకు, విద్యుత్ లైన్లకు. 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం అంతా చీకటైంది. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. నేల మీద ఉన్న మనల్ని అయస్కాంత క్షేత్రం, వాతావరణం రెండూ కాపాడతాయి. తలనొప్పి వస్తే నీళ్ళు తాగావో లేదో ముందు చూసుకో. సూర్యుణ్ణి, ఆ తుఫానులను అధ్యయనం చేయడానికే మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్‌1 అనే వ్యోమనౌక బయల్దేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ణి ఎడతెగకుండా చూస్తోంది. నువ్వు చదువుకోవలసినవి ఇలాంటివి.


సైటు ఇంజనీరు శైలజ
మే 11, ఉదయం 9:30

రైతు గారి సందేశం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను భవన నిర్మాణంలో పనిచేస్తాను. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు ఎలా వేయాలో ఐఎస్ 7861 అనే భారత ప్రమాణాల నియమావళి చెబుతుంది. కంకరను నీడలో ఉంచాలి, చల్లటి నీరు వాడాలి, వీలైతే సాయంత్రమో రాత్రో పోయాలి. ఇవన్నీ పాటిస్తాం, పాటించకపోతే స్లాబు బీటలు వారుతుంది. అదే స్లాబు కింద సెంట్రింగ్ చేసే మనిషికి, మధ్యాహ్నం రెండింటికి ఇనుప కడ్డీలు వంచే మనిషికి ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టరు. కడ్డీ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. నేను ఇంతకుముందు చేసిన చోట గుత్తేదారును పని వేళలు మార్చమని అడిగితే ఒప్పుకోలేదు.

ఇప్పుడున్న చోట మేస్త్రితో మాట్లాడి మార్చాం. ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపేస్తాం, మళ్ళీ నాలుగు నుంచి చీకటి పడేదాకా. కూలి తగ్గించలేదు. పని కూడా తగ్గలేదు, ఎండలో కూలబడి కూర్చునే గంటలు పోయాయి అంతే. అడ్డా మీద నుంచి ఏ రోజుకు ఆ రోజు వచ్చే కొత్తవారితోనే నాకు భయం. వాళ్ళే ముందు పడిపోతున్నారు. డాక్టరు గారూ, కారణం ఉందా?


ప్రత్తిపాడు రైతు
మే 11, ఉదయం 9:55

అమ్మా, మంచి పని చేశారు. మా దగ్గర కూడా ఈసారి కళ్ళంలో తాటాకు పందిరి వేయించి, ఏరే పని దాని కిందికి మార్చాను. ఖర్చు కొద్దిగానే అయింది. కాయను ఎండకు వదిలి మనుషులను నీడకు తెచ్చుకోవచ్చని ఇప్పుడు చుట్టుపక్కల వాళ్ళకు చెబుతున్నాను. చలివేంద్రం ఊరి సెంటరులో పెడతారు, కళ్ళాల దగ్గర ఒక్కటీ ఉండదు. పంచాయతీలో ఈ సంగతి అడగబోతున్నాం.


గవర్నరుపేట డాక్టరు
మే 11, మధ్యాహ్నం 1:15

శైలజ గారూ, కారణం ఉంది. శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ సమయంలో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. కొత్తగా వచ్చినవారికి ఇవేవీ జరగవు. వేడిలో పనిచేస్తూ చనిపోయేవారిలో పెద్ద భాగం మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు. సెలవు మీద ఊరెళ్ళి వచ్చిన పాతవారికీ, జ్వరం వచ్చి తగ్గినవారికీ ఈ అలవాటు కొంత పోతుంది.

కొత్తవారికి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు మాత్రమే ఎండలో ఇవ్వండి, తర్వాత రోజూ మరో ఐదో వంతు చొప్పున పెంచండి. మిగతా సమయం నీడలో పని చూపించండి. ఒంటరిగా వదలకుండా పాతవారితో జత చేయండి, ఎందుకంటే తికమక మొదలైన మనిషికి తన పరిస్థితి తనకు తెలియదు. కూలి మాత్రం మొదటి రోజు నుంచి పూర్తిగా ఇవ్వాలి. లేకపోతే వాళ్ళు నీడలో కూర్చోరు.


సైటు ఇంజనీరు శైలజ
మే 11, మధ్యాహ్నం 1:40

రేపటి నుంచే అమలు చేస్తాను. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాడ్పు హెచ్చరికను ఉదయం హాజరు తీసుకునేటప్పుడే చదివి వినిపించమని మేస్త్రికి ఇప్పుడే చెప్పాను. ఒడియా, హిందీ మాట్లాడే వాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి వడదెబ్బ సందేశాన్ని ఆ భాషల్లోకి మార్చి ఇవ్వగలవారు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి.


కొత్తపేట కుర్రాడు
మే 11, మధ్యాహ్నం 2:05

హిందీ నేను రాస్తాను అక్కా. సాయంత్రానికి ఇక్కడ పెడతాను, డాక్టరు గారు ఒకసారి సరిచూడాలి.